సంతకానికి ముందు లెక్క

పన్ను వివాదంలో రాజీకి రమ్మని ఉత్తరం అందుకున్నవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: "మనం గెలుస్తామా అండీ?" అమెరికాలో పన్ను లెక్కలు చూసే నేను మాత్రం ఓడితే ఎంత కట్టాలో ముందు తేల్చుకోమంటాను.

కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ సంగతే చూడండి. భూమిలో కట్టడాలు కట్టబోమని శాశ్వతంగా రాసిచ్చి, ఆ హక్కును ల్యాండ్ ట్రస్టుకు దానం చేస్తే పన్ను మినహాయింపు వస్తుంది. ఏర్పాటు మంచిదే. ప్రమోటర్లు దాన్ని వాటాలు చేసి అమ్మారు. భూమి విలువను విపరీతంగా పెంచి రాయించి, పెట్టిన డాలరుకు నాలుగైదు డాలర్ల డిడక్షన్ చూపించారు. రెండున్నర రెట్లు, ఆపైన ఆశచూపే ఇలాంటి స్కీముల వివరాలు తప్పనిసరిగా తెలపాలని 2016 డిసెంబరులో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నోటీసిచ్చింది. 2020 జూన్‌లో, ట్యాక్స్ కోర్టుకెక్కిన కొన్ని కేసుల్లో రాజీకి సిద్ధమంది. అప్పటి షరతులివి: డిడక్షన్ మొత్తం వదులుకోవాలి, పెట్టిన సొమ్ము మేరకే మినహాయింపు, పెనాల్టీ 10 నుంచి 20 శాతం, వడ్డీ అదనం. స్కీము నడపడంలో చెయ్యివేసిన భాగస్వాములకు ఆ మినహాయింపు లేదు, పెనాల్టీ తగ్గింపూ లేదు.

ఆ షరతుల ప్రకారం ఒక లెక్క వేద్దాం. లక్ష డాలర్లు పెట్టి నాలుగున్నర లక్షల డిడక్షన్ తీసుకున్నారు. పన్ను రేటు 37 శాతం. రాజీపడితే పన్ను 1,29,500, పెనాల్టీ 20 శాతం వేసినా 25,900. వెరసి 1,55,400. కోర్టు ఒక్క డాలరూ ఒప్పుకోకపోతే పన్ను 1,66,500, దానిపై 40 శాతం పెనాల్టీ 66,600. మొత్తం 2,33,100. వడ్డీ, లాయరు ఫీజు వీటికి అదనం. విలువను అంత ఎక్కువ చేసి చూపినప్పుడు "నిపుణుడు చెప్పాడని నమ్మాను" అన్నా ఆ పెనాల్టీ తప్పదు.

అంకెలు చూశాక కూడా చాలామంది సంతకానికి వెనకాడతారు. రాజీ అంటే తప్పు ఒప్పుకోవడమని వాళ్ల బాధ. పైగా పోరాడమని ప్రోత్సహించేది చాలాసార్లు ఆ స్కీము అమ్మినవాళ్లే. వాళ్లకు రాజీలో దక్కేది తక్కువ, అందుకే కోర్టు మీద ధీమా ఎక్కువ. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని మన పెద్దలు ఊరికే అనలేదు.

అన్ని రాజీలూ మంచివని కాదు. భూమి విలువకు గట్టి ఆధారాలుంటే కోర్టుకే వెళ్లాలి. కానీ ఆ మాట మీకు చెప్పాల్సింది ప్రమోటరు కాదు. ఉత్తరం రాగానే గడువు తేదీ చూసుకోండి, రెండు లెక్కలూ కాగితం మీద వేయించుకోండి, ఆ స్కీముతో ఏ సంబంధమూ లేని లాయరుకు మీ డబ్బుతో ఫీజిచ్చి చూపించండి. ఆ తర్వాతే సంతకం.