కొండ దగ్గరగా ఉంటే రుజువైపోతుందా?

ఈస్టరుకు ముందు మా చర్చిలో ప్రతి ఏడాదీ ఒక చిన్న పుస్తకం పంచుతారు. పదహారు పేజీలు ఉంటుంది. యేసు సమాధి నుండి లేచాడనడానికి చరిత్రలో ఉన్న రుజువులు అనేది దాని విషయం. వేసినవాళ్ళ పేరు ఇక్కడ రాయను. వాళ్ళు మంచి మనసుతోనే వేశారు. ఈసారి దాన్ని క్లాసుకు తీసుకొచ్చాను. నా పక్కన కూర్చునే స్నేహితురాలు హిందువు. భోజనం బెల్లు కొట్టాక మొత్తం చదివి రెండు ప్రశ్నలు అడిగింది. "ఇవన్నీ మీ బైబిల్లో ఉండేవే కదా, బయటోళ్ళు ఎవరన్నా చెప్పినారా?" అనేది మొదటిది. "ఈ గుడ్డ బొమ్మ, ఈ కొండ బొమ్మ ఎందుకు వేసినారు? వాటికీ ఆ సమాధికీ ఏం సంబంధం?" అనేది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. వాటిని పెట్టుకుని ఆ పుస్తకాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాను.

నేను నమ్మేదాన్నే. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. పోయిన ఏడాది మా తాతను సమాధి చేసేటప్పుడు పాస్టరుగారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం చదివారు. చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారని పౌలు వాదించేది అక్కడే. మా అవ్వ ఈ రోజుకీ ఆ మాటలు పట్టుకునే ఉంది. అలాంటి మాటల కింద ఎవరైనా పుచ్చిన దుంగ తెచ్చి ఆసరాగా పెడితే నాకు కోపం వస్తుంది. రుజువు అని చెప్పాక అది నిలబడాలి కదా. నిలబడకపోతే దాంతోపాటు మంచి రుజువును కూడా జనం తోసేస్తారు.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది నాలుగో పేజీ. తాతను సమాధి చేసినప్పుడు చదివిన ఆ అధ్యాయంలోనే పౌలు ఒక జాబితా ఇస్తాడు. లేచిన యేసు ఎవరెవరికి కనబడ్డాడో వరసగా చెబుతాడు. కేఫా, అంటే పేతురు. తరువాత పన్నెండుగురు. తరువాత ఒకేసారి ఐదువందల మందికి పైగా. తరువాత యాకోబు, అపొస్తలులందరూ, చివరికి తాను. ఈ పత్రిక సుమారు క్రీ.శ. 53-55 మధ్య రాసింది. సువార్తల కంటే ముందుది. సిలువ జరిగి అప్పటికి ఇరవై అయిదేళ్ళు కూడా దాటలేదు. పైగా ఇది తాను కల్పించింది కాదనీ తనకు అందినదాన్ని అందిస్తున్నాననీ పౌలు అంటాడు. అంటే ఆ జాబితా పత్రిక కంటే ఇంకా పాతది.

ఎవరు అందించారు? ఇక్కడే పుస్తకం ఆగిపోయింది, ఆగకూడదు. గలతీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు ఇంకో సంగతి చెబుతాడు. తాను యెరూషలేముకు వెళ్ళి కేఫా దగ్గర పదిహేను రోజులు ఉన్నాడట, అప్పుడే యేసు తమ్ముడైన యాకోబును కూడా చూశాడట. జాబితాలో పేరు పెట్టి చెప్పిన ఇద్దరూ వీళ్ళే! పదిహేను రోజులు ఒకే ఇంట్లో ఉండి వాతావరణం గురించి మాట్లాడుకోరు. నా లెక్కలో మొత్తం విషయంలో ఇదే గట్టి రుజువు. పుస్తకంలో దీనికి ఒక్క వాక్యం కూడా లేదు. ఐదువందల మంది గురించి మాత్రం పేజీన్నర ఉంది. వాళ్ళెవరో, ఏ ఊరో పౌలు చెప్పలేదు, ఏ సువార్తలోనూ ఆ సంగతి లేదు. వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని పౌలు రాశాడు, కాబట్టి ఎవరైనా వెళ్ళి అడగవచ్చు అని పుస్తకం అంటుంది. నిజమే, కానీ కొరింథు గ్రీసులో ఉంది, యెరూషలేము సముద్రానికి ఈ అంచున ఉంది. ఐదువందలనే సంఖ్య పెద్దది కాబట్టి దాని వెంట పడ్డారు గానీ, పేరున్న ఇద్దరు మనుషులు పేరులేని ఐదువందల మంది కంటే ఎక్కువ బరువు.

దీనికి నా స్నేహితురాలు ఒక మాట అంది. చనిపోయినవాళ్ళు కనబడటం కొత్తేమీ కాదు, వాళ్ళ అమ్మమ్మ కూడా కల్లోకి వస్తుందట. ఇది ఎగతాళి కాదు, పండితులు కూడా అడిగే ప్రశ్న. దుఃఖంలో ఉన్నవాళ్ళకు పోయినవాళ్ళు కనబడతారు. పేతురు విషయంలో ఈ మాట సరిపోవచ్చు. కానీ పౌలు యేసు కోసం ఏడ్చినవాడు కాదు. ఆ సంఘాన్ని హింసించానని తానే రాసుకున్నాడు. యాకోబు సంగతీ అంతే. యేసు బతికి ఉన్నప్పుడు ఆయన తమ్ముళ్ళు ఆయన్ని నమ్మలేదని యోహాను సువార్త చెబుతుంది. కుటుంబానికి తలవంపుగా ఉండే ఈ మాటను కావాలని ఎవరు కల్పిస్తారు? అటువంటి యాకోబు తరువాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. మధ్యలో ఏదో జరిగింది.

స్త్రీల సాక్ష్యం గురించి రాసిన పేజీ కూడా బాగుంది. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళే. ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, స్త్రీల సాక్ష్యాన్ని అంగీకరించకూడదన్నది నియమంగా రాశాడు. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే విమర్శకుడు ఒక పిచ్చి ఆడదాని మాట నమ్మారని క్రైస్తవుల్ని వెక్కిరించాడు కూడా. కథ కల్పించేవాళ్ళయితే మగ్దలేనే మరియ బదులు పేతురునో యోహానునో ముందుగా సమాధి దగ్గరకు పంపేవాళ్ళు. ఆడపిల్లగా ఈ పేజీ చదివినప్పుడు నాకు సంతోషం, చిరాకు రెండూ కలిగాయి. వాళ్ళ మాటకు విలువ లేదు కాబట్టే అది నిజమై ఉండాలట! లూకా ప్రకారం ఆ మాటలు విన్న శిష్యులే ముందు వాటిని కొట్టిపారేశారు. ఒక్కటి మాత్రం పుస్తకం దాచింది. పౌలు జాబితాలో ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అది ఎందుకు లేదో చర్చించి ఉంటే ఆ పేజీ ఇంకా నమ్మకంగా ఉండేది.

ఇక "బయటోళ్ళు" సంగతి. ఇద్దరు ముఖ్యం. రోమా చరిత్రకారుడు టాసిటస్ సుమారు 116లో, క్రీస్తు పొంతి పిలాతు చేతిలో శిక్ష పొందాడని రాశాడు. ఆయనకు క్రైస్తవులంటే గిట్టదు, కాబట్టి మనకు సాయం చేయాలని రాయలేదు. పునరుత్థానం గురించి ఆయన ఏమీ చెప్పలేదు. జోసీఫస్ గ్రంథంలో రెండు చోట్ల యేసు పేరుంది. పెద్ద పేరాలో ఆయన మూడో రోజు మళ్ళీ కనబడ్డాడని కూడా ఉంది. పుస్తకం దాన్నే పెద్ద అక్షరాల్లో చెప్పింది. కానీ ఆ పేరాలో తరువాతి క్రైస్తవులు కొన్ని మాటలు కలిపారని చాలామంది పండితుల అభిప్రాయం. క్రైస్తవ పండితులు కూడా ఒప్పుకుంటారు. రెండోది చిన్న మాట. క్రీస్తు అనబడే యేసు సహోదరుడైన యాకోబును 62లో రాళ్ళతో కొట్టించి చంపారని జోసీఫస్ వేరే సందర్భంలో రాశాడు. ఇది కలిపిన మాట కాదని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంటే పౌలు కలిసిన ఆ యాకోబు బయటి పుస్తకంలోనూ ఉన్నాడు. అయితే ఆయన మీద మోపిన నేరం ధర్మశాస్త్రాన్ని మీరడం. పునరుత్థానం కోసమే చంపారని జోసీఫస్ అనలేదు, మనమూ అనకూడదు. నా చేతిలో ఉంటే పెద్ద పేరా తీసేసి ఈ చిన్న వాక్యం సంగతే రాస్తాను.

సువార్తల మధ్య తేడాల గురించి పుస్తకం తొందరగా దాటేసింది. సమాధి దగ్గర మార్కు సువార్తలో ఒక యువకుడు, మత్తయిలో ఒక దూత, లూకాలో ఇద్దరు మనుషులు, యోహానులో ఇద్దరు దూతలు. ఒక్కలాగే ఉంటే కాపీ కొట్టారని అనేవాళ్ళు కదా అని పుస్తకం సమాధానం. పరీక్ష పేపర్ల సంగతి మనకు తెలుసు కాబట్టి ఈ వాదం వినడానికి బాగుంటుంది. కానీ వేరే చోట్ల మత్తయి, లూకా మార్కులోని వాక్యాలు దాదాపు అలాగే వాడుకున్నారు. అందుకని నలుగురూ నాలుగు వేరు వేరు సాక్షులని లెక్క కట్టలేం. ఇంకోటి, నాలుగో శతాబ్దపు రెండు పాత ప్రతుల్లో మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతోనే ముగిసిపోతుంది. స్త్రీలు భయపడి పారిపోతారు, అంతే. మిగతా పన్నెండు వచనాలు అందులో లేవు. పుస్తకం మాత్రం ఆ పన్నెండింటిలో నుంచే రెండు సాక్ష్యాలు ఎత్తి చూపింది.

బొమ్మలు ఉన్న పేజీలు అసలు వద్దు. ట్యూరిన్ వస్త్రాన్ని 1988లో మూడు ప్రయోగశాలలు పరీక్షించి అది 1260-1390 మధ్యదని చెప్పాయి. ఆ ఫలితాన్ని ఒప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, కానీ పుస్తకం ఆ పరీక్ష జరిగినట్టే చెప్పలేదు. మన తిరువళ్ళూరు జిల్లా అతిరంపాక్కంలో దొరికిన రాతి పనిముట్లకు పదిహేను లక్షల ఏళ్ళని శాస్త్రవేత్తలు చెబితే అందరం గర్వపడ్డాం. అక్కడ పరీక్షను ఒప్పుకుని ఇక్కడ దాచేస్తే ఎలా? నజరేతు శిలాశాసనం కూడా అంతే. సమాధుల్ని కదిలిస్తే మరణశిక్ష అని దానిలో ఉంటుంది. యేసు సమాధి ఖాళీ అయిందనే గొడవ వల్లే చక్రవర్తి వేయించాడని ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చారు. 2020లో ఆ పాలరాయిని పరీక్షిస్తే అది గ్రీసులోని కోస్ దీవి రాయిలా తేలింది. వీటి బదులు 1968లో యెరూషలేములో దొరికిన ఎముక గురించి రాయవచ్చు. సిలువ వేయబడిన ఒక మనిషి మడమ ఎముక అది, మేకు ఇంకా దానిలోనే ఉంది. సిలువ మీద చనిపోయినవాళ్ళను రోమావాళ్ళు సమాధి చేయనిచ్చేవాళ్ళే కాదు అనేవాళ్ళకు అది సమాధానం. అది యేసుది కాదు, కానీ అలా సమాధి చేయడం జరిగేదని చూపిస్తుంది.

చివరికి కొండ. మన గుమ్మిడిపూండిలో లోకల్ రైలు ఎక్కి సెంట్రల్‌లో దిగి, పార్క్ స్టేషన్ నుండి తాంబరం రైలు పట్టుకుంటే పరంగిమలైకి పోవచ్చు. మేమూ వెళ్ళాం. తోమా చనిపోయింది అక్కడేననీ, సమాధి శాంథోంలోననీ మన పెద్దవాళ్ళు చెబుతారు. గాయాల్లో వేలు పెడితేగానీ నమ్మనన్న తోమా ఇంత దూరం వచ్చి ప్రాణం ఇచ్చాడంటే ఇంకేం రుజువు కావాలి అని పుస్తకం అడుగుతుంది. మా ఇంట్లో అందరికీ ఎక్కువ నచ్చిన పేజీ ఇదే. నాకు మాత్రం ఇక్కడే ఎక్కువ పేచీ.

తోమా ఇండియాకు వచ్చాడనే కథ మూడో శతాబ్దంలో సిరియా భాషలో రాసిన తోమా కార్యములు అనే గ్రంథంలో ఉంది. అందులో గొండోఫారెస్ అనే రాజు వస్తాడు. చాలాకాలం అది కట్టుకథ అనుకున్నారు. 19వ శతాబ్దంలో ఆ రాజు పేరుతో నాణేలు దొరికాయి, ఆయన ఒకటో శతాబ్దంవాడే అని తేలింది. కాబట్టి కథ వట్టిది కాదు. కానీ ఆ నాణేలు దొరికింది పంజాబు, ఆఫ్ఘనిస్తాన్ వైపు. మైలాపూర్ వైపు కాదు! నాలుగో శతాబ్దంలో ఎదెస్సా పట్టణంలో ఉన్న ఎఫ్రేము అనే కవి, తోమా ఎముకలు ఇండియా నుండి తమ ఊరికి వచ్చాయన్నాడు, ఇండియాలో ఎక్కడో చెప్పలేదు. మన తీరంలో ఆయన సమాధి ఉందని వివరంగా రాసింది 13వ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో. కొండ మీద చర్చి 1523లో పోర్చుగీసువాళ్ళది. అక్కడి రాతి సిలువ 1547లో బయటపడింది. దాని మీద ఉన్నది పహ్లవి లిపి, అంటే పారసీక లిపి. అది తోమా తరువాత ఎన్నో వందల ఏళ్ళకు చెక్కింది. మన తీరంలో పాతకాలం నుండీ క్రైస్తవులు ఉన్నారనడానికి అది మంచి ఆధారం. తోమా అక్కడే బల్లెపు పోటుతో చనిపోయాడనడానికి మాత్రం కాదు.

యేసు సమాధి శ్రీనగర్‌లో ఉందని కొందరంటారు. 19వ శతాబ్దానికి ముందు ఎవరూ అనని మాట కాబట్టి అది చెల్లదని ఇదే పుస్తకం తొమ్మిదో పేజీలో వాదించింది. మంచి వాదన. ఆ కొలబద్దనే పద్నాలుగో పేజీలో మన కొండకు కూడా పెట్టాలి కదా. పెట్టలేదు, ఎందుకంటే కొండ మనది, దగ్గరలో ఉంది. పైగా నమ్మకం కోసం ప్రాణం ఇవ్వడం ఆ మనిషి నిజాయితీకి గుర్తు, అంతవరకే. వేరే మతాల్లోనూ ప్రాణం ఇచ్చినవాళ్ళు ఉన్నారు.

అదే పేజీలో తోమా యేసు పక్కలో వేలు పెడుతున్న బొమ్మ కూడా ఉంది. మన ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద కూడా ఇదే బొమ్మ. యోహాను 20వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. వేలు పెట్టి చూడమని యేసు అంటాడు, తోమా ఒప్పుకుంటాడు. నిజంగా ముట్టుకున్నాడని మాత్రం అక్కడ లేదు.

చరిత్రకారులందరూ పునరుత్థానాన్ని అంగీకరించారు అని చివరి పేజీలో ఉన్న వాక్యం నిజం కాదు. వాళ్ళలో దాదాపు అందరూ ఒప్పుకునేది రెండే: పిలాతు కాలంలో యేసును సిలువ వేశారు, కొద్ది కాలంలోనే శిష్యులు ఆయన్ని మళ్ళీ చూశామని గట్టిగా నమ్మారు. వాళ్ళు చూసింది ఏమిటి అన్నదగ్గర ఒక్కొక్కరు ఒక్కో దారి పడతారు. నేను ఏ దారి పట్టానో పైన చెప్పాను, నా స్నేహితురాలు పట్టలేదు. ఆ వాక్యం చదివాక ఆమెకు మిగతా పుస్తకం మీద కూడా అనుమానం వచ్చింది, నాలుగో పేజీ మీద కూడా.

వచ్చే ఏడాది ముద్రణ వేసేవాళ్ళకు రెండు మాటలు. వస్త్రం, శాసనం, ఐదువందల మంది గురించిన పేజీన్నర తీసేసి, పౌలు యెరూషలేములో గడిపిన ఆ పదిహేను రోజుల గురించి ఒక పేజీ రాయండి. అక్షరాలు కొంచెం పెద్దవి వేయండి, మా అవ్వ చదవలేకపోతోంది.