మంద్రంలో ఒక నిరీక్షణ

మొదట ఓబో పలుకుతుంది. మన సన్నాయి జాతికే చెందిన ఆ వాద్యం ఒక్క నిట్టూర్పు విడుస్తుంది. హార్ప్ తీగలు దాన్ని ఒడిలోకి తీసుకుంటాయి. ఆపైన, చీకటి కోనేటిలోకి వెన్నెల మెట్టు మెట్టుగా దిగినట్టు, గాయని కారెన్ కార్పెంటర్ కంఠం దిగుతుంది. కిందికి, ఇంకా కిందికి, పేరు పెట్టుకోలేని దుఃఖాలు నిద్రపోయే మంద్రస్థాయి అడుగుకి. ఆ పాట పేరు 'సూపర్‌స్టార్'. 1971 నాటిది. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్ళు.

ఎంత చిన్న కథ అది! ఊరూరా కచేరీలు చేసే గిటారు కళాకారుడొకణ్ణి ఒక పిల్ల ప్రేమించింది. మళ్ళీ వస్తానని వెళ్ళినవాడు రాలేదు. అతని గిటారు మాత్రం రేడియోలో వస్తుంది. గాలి మోసుకొచ్చిన నాదమే తప్ప మనిషి లేడని తెలిసీ, ఆ పిల్ల రేడియోనే బతిమాలుకుంటుంది. లియొన్ రస్సెల్, బోనీ బ్రామ్లెట్ రాసిన ఈ పాటను అంతకుముందే వేరే గొంతులు పాడాయి. కారెన్ అన్న రిచర్డ్ దాన్ని టీవీలో బెట్ మిడ్లర్ పాడగా విన్నాడు. చెల్లెలి కోసం కొత్తగా వాద్యాలు కూర్చాడు. ఆమె కాగితపు రుమాలు మీద అన్న రాసిచ్చిన మాటలు చూసుకుంటూ, ముందు నమూనాగా ఉంటుందని ఒక్కసారి పాడింది. అదే రికార్డుకెక్కింది. మళ్ళీ పాడించాల్సిన అవసరం రాలేదు. విరహం తనంతట తాను నోరు తెరిచాక ఇక దిద్దేదేముంటుంది?

అమెరికా ప్రధాన పాటల పట్టికలో అది రెండో స్థానం దాకా వెళ్ళింది. మా తీరానికి మాత్రం కొలంబో మీదుగా, రాత్రి దారిన వచ్చింది. బినాకా గీత్‌మాలా కోసం, తెలుగు పాటల కోసం రేడియో సిలోన్ పెట్టుకునే ఇళ్ళలో, పెద్దవాళ్ళ కళ్ళు మూతపడ్డాక ముల్లు కాస్త జరిపితే ఇంగ్లీషు పాటలు తగిలేవి. గోడకు అడ్డంగా కట్టిన రాగి అల్లిక ఏరియల్, వాల్వు రేడియో నుదుట వెలిగే పచ్చని కన్ను, గరగరల అడవి, ఆ అడవి నడుమ ఆమె. షార్ట్‌వేవ్ తరంగం పైనున్న ఐనోస్ఫియర్‌ను తాకి వంగి నేలకు వస్తుంది. ఒక దారిన వచ్చిన అల, మరో దారిన వచ్చిన అలను ఓసారి ఎత్తుతుంది, ఓసారి ముంచుతుంది. అందుకే ఆ గొంతు పొంగేది, తరిగేది, ఒక్కోసారి పాదం మధ్యలోనే హోరులోకి జారిపోయేది. పచ్చకన్నులోని నీడ విప్పారేది. వినపడని మాటల చోట నా పదిహేడేళ్ళ వయసు తన మాటలు పేర్చుకునేది. ఆ ఖాళీల్లో నేనెంత ప్రేమించానో! ఎవరినని అడిగితే ఈనాటికీ చెప్పలేను. రాని ఒకరిని, అంతే.

ఇంతలో, కాలిఫోర్నియాలో ఆ గొంతు గూడు కట్టుకున్న దేహం కరిగిపోతూ వచ్చింది. హైస్కూలు రోజుల నుంచి డ్రమ్స్ అంటే ప్రాణమిచ్చిన చేతులు పుల్లలైపోయాయి. అనొరెక్సియా నెర్వోసా అనే ఆ జబ్బు, అన్నం ముందు కూర్చున్న మనిషికి అన్నాన్నే శత్రువును చేసే ఆ జబ్బు, మామూలు జనంలో చాలామందికి ఆమె మరణంతోనే తెలిసింది. 1983 ఫిబ్రవరి 4న, తల్లిదండ్రుల ఇంట్లో కుప్పకూలిన ఆమె గుండె ఆగింది. ఇంకో నెల గడిస్తే ముప్పై మూడు నిండేవి. కోట్ల గుండెలకు కూడు పెట్టిన కంఠమా, నీకు ఒక్క ముద్ద ఎలా కరువైంది తల్లీ! నీ సన్నదనాన్ని అందమని పొగిడిన లోకం మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

ఆ తరువాతే క్యాసెట్ దొరికింది నాకు. హోరు లేదు, మునక లేదు. సిలోన్ అలలు మింగేసిన పాదాలన్నీ చెక్కుచెదరకుండా వరసగా నిలబడి ఉన్నాయి. వాటితోపాటు షార్ట్‌వేవ్ ఎన్నడూ వినిపించనిది ఒకటి వినిపించింది: మైకుకు అంత దగ్గరగా నిలబడి పాడిన ఆమె, పాదానికీ పాదానికీ మధ్య తీసుకున్న ఊపిరి. రేడియో ముందు కూర్చున్న రాత్రుల్లో ఆ గొంతు నాకు ఎక్కణ్ణుంచో వచ్చే నాదం మాత్రమే. ఒక రొమ్ము నిండి, ఒక గొంతు తడిసి, ఒక ఇరవై ఒక్కేళ్ళ పిల్ల నిజంగా గాలి పీల్చుకుని పాడిందని తెలిసేసరికి ఆ పిల్ల లేదు. కారెన్, ఇప్పుడు నీ పాట పెట్టుకున్నప్పుడు మాటల కోసం ఆగను. ఆ ఊపిరి కోసమే ఆగుతాను. అది వినపడగానే ఇంకొకటి తీసుకోమని నిన్ను బతిమాలుకుంటాను.