ఏది ఉంచాలి?

ఇంట్లో కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఒక్కరుంటే చాలు, చుట్టపక్కాల ఫోటోలన్నీ వాళ్ల దగ్గరికే చేరతాయి. మా బంధువర్గంలో ఆ ఉద్యోగం నాది. ఒకే పెళ్లి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఒకసారి, ఫోన్ బ్యాకప్‌లో ఇంకోసారి, ‘న్యూ ఫోల్డర్ 2’లో మరోసారి వచ్చి పడతాయి. పేర్లు వేరు, తేదీలు వేరు, లోపలున్నది మాత్రం అదే. వాటిని కంటితో ఏరడం అయ్యే పని కాదు గనక లినక్స్ టెర్మినల్‌లో ఎఫ్‌డూప్స్ వాడతాను.

అడ్రియన్ లోపెజ్ అనే ప్రోగ్రామర్ సీ భాషలో రాసిన ఉచిత ప్రోగ్రామ్ అది. ‘ఎఫ్‌డూప్స్ మైనస్ ఆర్’ కొట్టి ఫోల్డర్ పేరిస్తే, లోపలి ఫోల్డర్లన్నీ గాలించి, ఒకేలా ఉన్న ఫైళ్లను గుంపులుగా చూపిస్తుంది.

పేరును అది పట్టించుకోదు. పెళ్లి సంబంధానికి గోత్రం అడిగినట్టు ముందు సైజు అడుగుతుంది. అక్కడ కలవకూడదు, ఇక్కడ కలవాలి, అంతే తేడా. సైజు వేరైతే ఫైలు తెరవనే తెరవదు. కలిస్తే మొదటి 4096 బైట్లకు, వాటి వేలిముద్ర లాంటి ఎండీ5 విలువ కడుతుంది. అదీ కలిస్తే ఫైలు మొత్తానికి కడుతుంది. అప్పటికీ నమ్మకుండా రెండు ఫైళ్లనూ బైటు బైటునా పోల్చి చూస్తుంది. ఆ అనుమానం దండగేం కాదు. వేర్వేరు ఫైళ్లకు ఒకే ఎండీ5 వచ్చేలా చేయవచ్చని చైనా గణితవేత్త శియావోయున్ వాంగ్ బృందం 2004లోనే చూపించింది.

దాని లెక్కలో ‘ఒకటే’ అంటే ఒక్క బైటు కూడా తేడా లేకపోవడం. మన లెక్క వేరు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి వస్తుంది. మన కంటికి అదే ఫోటో, దానికి వేరే ఫైలు. ఘంటసాల పాట రెండు చోట్ల ఉండి, ఒకదాని ట్యాగ్‌లో ఎవరో సినిమా పేరు చేర్చారనుకోండి, ఆ రెంటినీ అది కలపదు. మరోపక్క, సున్నా బైట్ల ఖాళీ ఫైళ్లన్నీ దానికి కవలలే. పైథాన్ ప్రాజెక్టుల్లో అలాంటివి కావాలనే పెడతారు. వాటి జోలికి పోవద్దని చెప్పడానికి చిన్న ‘ఎన్’ అనే ఆప్షన్ ఉంది.

పెద్ద ‘ఎన్’ కథ వేరు. తీసేయడానికి వాడేది మైనస్ డీ. దానికి ‘ప్లెయిన్’ జోడిస్తే గుంపులోని ఒక్కో ఫైలుకూ అంకె వేసి, ఏది ఉంచాలో చెప్పమంటుంది. పెద్ద ‘ఎన్’ తగిలిస్తే ఆ ప్రశ్నే రాదు. గుంపులో మొదటిది ఉంచి మిగతావన్నీ తుడిచేస్తుంది. చెత్తబుట్టలో వెతికినా దొరకవు. చిన్న ‘ఎన్’కీ పెద్ద ‘ఎన్’కీ మధ్య ఉన్నది షిఫ్ట్ మీట ఒక్కటే.

నేను పెద్ద ‘ఎన్’ వాడను. మా అక్క పెళ్లి ఫోటోల్లో ‘ఆల్బమ్‌కి ఎంచినవి’ అని ఒక ఫోల్డర్ ఉంది. అందులోని ప్రతి ఫోటోకూ పెద్ద ఫోల్డర్‌లో జోడీ ఉంటుంది. ప్రోగ్రామ్‌కి అవి నకళ్లు. మాకు, ఇంటిల్లిపాదీ కూర్చుని వాదులాడుకుని తేల్చిన జాబితా. అలాగే ఒకే డిస్కులో రెండు కాపీలుంటే అడ్డం, రెండు డిస్కుల్లో ఉంటే ధీమా. ఈ తేడా బైట్లలో కనపడదు. రెండు ఫైళ్లు ఒకటేనా అన్నది ప్రోగ్రామ్ తేల్చగలదు, రెండూ అవసరమా అన్నది మనమే తేల్చుకోవాలి.

కాబట్టి ఈ పని పెట్టుకునేవాళ్లు ముందు బ్యాకప్ డిస్కు ఊడదీసి పక్కన పెట్టండి. తీసేయమని చెప్పేలోపు, జాబితాను ఒక ఫైల్లోకి రాయించుకుని తీరిగ్గా చదవండి. పెద్ద ‘ఎస్’ చేరిస్తే సైజులు కూడా కనిపిస్తాయి. వీడియోలతో మొదలుపెట్టండి. రెండేసి ఉన్న పెద్ద వీడియోలు నాలుగు తీసేస్తే చాలాసార్లు కావలసినంత చోటు దొరుకుతుంది, ఫోటోల జోలికి పోనక్కర్లేదు.