దొరికాడన్న మాట

నా పదో తరగతి సర్టిఫికెట్టు ప్రకారం నా కుడి మోచేతి మీద ఒక పుట్టుమచ్చ ఉంది. మోచేతి మీద మాత్రం లేదు. నామినల్ రోల్సు రాసే రోజున మా క్లాసు టీచరు అరవైమందిని వరసలో నిలబెట్టి, చొక్కా చేతులు పైకి మడిపించి, ఒక్కొక్కరికి రెండేసి మచ్చలు వెతికారు. నా దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టేశారు. దాంతో నా ముందువాడి మచ్చే నాకూ పడిపోయింది. తర్వాత ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ ఎవరూ నన్ను మోచెయ్యి చూపించమనలేదు. నేను నేనేనని సర్కారు నమ్మడానికి ఆధారం పక్కవాడి మచ్చ.

పుట్టుమచ్చల సంగతి ఎత్తడానికి కారణం ఉంది. పన్నెండేళ్లుగా నాకొక అలవాటు. ఆదివారాలు రాజమండ్రిలో ఓ పాత గ్రంథాలయానికి వెళ్లి, దినపత్రికల బైండ్లు తిరగేస్తూ ‘కనబడుటలేదు’ ప్రకటనలు నోటుబుక్కులోకి ఎక్కిస్తుంటాను. పిల్లలవి మాత్రమే. వయసు 5 సం., చామనచాయ, నీలం నిక్కరు, తెలుగు మాత్రమే మాట్లాడగలడు, ఆచూకీ తెలిపినవారికి దారి ఖర్చులు, తగిన బహుమతి ఇవ్వబడును. ఆ నాలుగు ముక్కలు పట్టుకుని, ఆ తర్వాతి నెలల పత్రికల్లో ‘దొరికిన బాలుడు’ లాంటి వార్త ఏదైనా వచ్చిందేమో వెతుకుతాను. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. పరిశోధన అని నేనంటాను గానీ, ఆవిడ మాటే నిజానికి దగ్గరగా ఉందని ఒకసారి గట్టిగా అనిపించింది. ఆ సంగతికి వస్తాను. ముందు అమెరికాలోని ఒక చెరువు గురించి చెప్పాలి.

లూసియానా రాష్ట్రంలో ఓపెలూసస్ అనే ఊరుంది. 1912 ఆగస్టు 23న ఆ ఊరి డన్బార్ కుటుంబం దగ్గర్లోని స్వేజ్ చెరువు దగ్గరికి చేపలు పట్టుకోవడానికి, సరదాగా గడపడానికి వెళ్లింది. అక్కడ నాలుగేళ్ల పెద్దకొడుకు బాబీ కనబడకుండా పోయాడు. మొసళ్లను పట్టి పొట్టలు కోసి చూశారు. శవం తేలుతుందేమోనని చెరువులో డైనమైట్ పేల్చారు. ఏమీ దొరకలేదు. ఎవరో ఎత్తుకుపోయారన్న మాట పుట్టింది. తల్లిదండ్రులు పెర్సీ, లెసీ ఆ మాటను పట్టుకున్నారు. పట్టుకోక ఏం చేస్తారు? రెండో దారిలో మొసలి ఉంది మరి.

ఎనిమిది నెలలకి, 1913 ఏప్రిల్‌లో, పక్క రాష్ట్రం మిసిసిపీలో విలియం కాంట్‌వెల్ వాల్టర్స్ అనే దేశదిమ్మరిని పట్టుకున్నారు. ఊరూరా తిరుగుతూ పియానోలు, ఆర్గన్లు బాగుచేసుకుని బతికేవాడు. వెంట అదే ఈడు పిల్లవాడు ఉన్నాడు. వీడు బ్రూస్ అనీ, నార్త్ కరొలీనాలో తమ ఇంట్లో పనిచేసే జూలియా ఆండర్సన్ కొడుకనీ, ఆమే పంపిందనీ వాల్టర్స్ మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. డన్బార్ దంపతులకు కబురెళ్లింది.

నా బోటివాడికి ఈ కేసు బడిలాంటిదని తెలిసింది ఇక్కడే. తల్లి, పిల్లవాడు ఎదురుపడ్డ క్షణాన్ని పత్రికలు రాశాయి. వాడు చూడగానే ‘అమ్మా’ అని అరిచి కౌగిలించుకున్నాడని ఒకటి రాసింది. వాడు ఊరికే ఏడ్చాడనీ, నా బిడ్డో కాదో చెప్పలేకపోతున్నానని తల్లి అన్నదనీ ఇంకోటి రాసింది. తమ్ముడు అలోంజోను చూసి పేరు పెట్టి పిలిచి ముద్దు పెట్టుకున్నాడని ఒక చోట, అసలు గుర్తే పట్టలేదని మరో చోట. జరిగిన సంగతి ఒక్కటే, అచ్చయిన సంగతులు రెండు. పాత పత్రిక చేతికి దొరికితే చాలు నిజం దొరికినట్టేనని అనుకునే కుర్రాళ్లు గ్రంథాలయంలో నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకి ముందుగా ఈ రెండు వార్తల సంగతే చెబుతాను.

మర్నాడు లెసీ పిల్లవాడికి స్నానం చేయించింది. ఒంటి మీద మచ్చలు, గాట్లు చూసి వీడు మా బాబీయేనని తేల్చింది. ఆమె అబద్ధమాడిందని నేననుకోను. ఎనిమిది నెలలు బిడ్డ కోసం అలమటించిన తల్లి, వీడు నా వాడై ఉంటే బాగుండునని కోరుకుంటూ ఒళ్లు తోమింది. అలా వెతికితే మచ్చలు దొరుకుతాయి. మా టీచరుకి అరవైమందికీ దొరకలేదూ? ఊరు ఊరంతా ఊరేగింపుతో బాబీని ఇంటికి తెచ్చుకుంది.

జూలియా తర్వాత వచ్చింది. డబ్బు లేని మనిషి. ఒక పత్రికవాళ్లే ఖర్చు పెట్టి రప్పించారు. ఒకే ఈడు పిల్లలు అయిదుగురిని ఆమె ముందు పెట్టారు. ఏడాదికి పైగా చూడని కొడుకు. ఆ వయసులో ఏడాదంటే ముఖమే మారిపోతుంది. ఊరేగించింది ఇతన్నేనా అని ఆమె అడిగితే ఎవరూ జవాబివ్వలేదు. కచ్చితంగా చెప్పలేనంది. మర్నాడు బట్టలు విప్పి చూసి, వీడు నా కొడుకేనంది. గమనించారా? మొదటి రోజు తడబాటు, రెండో రోజు నమ్మకం. లెసీ చేసిందీ సరిగ్గా అదే. ఒకామెది తల్లి మనసు అయింది, ఇంకొకామెది అబద్ధం అయింది. పెళ్లి లేకుండా ముగ్గురు పిల్లల్ని కన్నదని పత్రికలు జూలియా మీద దుమ్మెత్తిపోశాయి. ఇద్దరు తల్లుల తగువు కథలు మనకు కొత్త కాదు. సొలొమోను కత్తి తెప్పించాడు, జాతక కథలో మహౌషధుడు గీత గీసి బిడ్డను లాగమన్నాడు. ఓపెలూసస్‌లో తూకానికి పెట్టింది ఆ ఇద్దరి పరువు. ఒకరిది ఊళ్లో పేరున్న కుటుంబం, ఒకరు పనిమనిషి. తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పడానికి మహౌషధుడు అక్కర్లేదు.

1914లో వాల్టర్స్‌కి యావజ్జీవం వేశారు. అప్పీలులో ఆ తీర్పు నిలబడలేదు. మళ్లీ విచారణ జరపడం ఖర్చుతో కూడిన పని అని ప్రభుత్వం వాళ్లు వదిలేశారు. రెండేళ్లు జైల్లో ఉండి బయటికొచ్చాడు. శిక్ష రద్దయింది గానీ పిల్లవాడు డన్బార్ల దగ్గరే ఉండిపోయాడు. వాడు బాబీ డన్బార్‌గానే పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు, నలుగురు పిల్లల తండ్రయ్యాడు, 1966లో బాబీ డన్బార్‌గానే పోయాడు.

అతని మనవరాలు మార్గరెట్ డన్బార్ కట్‌రైట్. చరిత్రకారిణి కాదు, పోలీసు అసలే కాదు. ఇంట్లోవాళ్లు దాచిన పత్రిక క్లిప్పింగుల పుస్తకం ఒకటి తండ్రి ఆమె చేతికిచ్చాడు. తాత నిజంగా బాబీయేనని అందరికీ రుజువు చేద్దామనే ఆమె మొదలుపెట్టింది. గ్రంథాలయాలు, కోర్టు దస్తరాలు, మైక్రోఫిల్ములు. మా తెగ మనిషే. కానీ నేను చేయని పని ఒకటి ఆమె చేసింది. తన కుటుంబానికి ఎదురుపక్షం వాళ్ల కాగితాలు అడిగి తెచ్చుకుని చదివింది. వాల్టర్స్ తరఫు వకీలు దాచుకున్న ఫైలు అది. జూలియా తర్వాత మిసిసిపీలోని పాప్లర్‌విల్లో స్థిరపడి, పెళ్లి చేసుకుని, మంత్రసానిగా పేరు తెచ్చుకుంది. ఏడుగురు పిల్లలు. వాళ్లకు ఎత్తుకుపోయిన అన్న కథ చెబుతూనే ఉండేది. ఆ ఇంటి మనవరాలితో మార్గరెట్ మొదట వాదులాడింది, తర్వాత పక్కపక్కన కూర్చుని కాగితాలు చూసింది.

బాబీ తప్పిపోవడానికి ముందే, అంటే 1912 ఆగస్టుకు ముందే, వాల్టర్స్ వెంట ఈ పిల్లవాణ్ణి చూశామని పాప్లర్‌విల్ జనం చెప్పారు. గుసగుసగా కాదు, 1914 విచారణలో కోర్టుకెక్కి చెప్పిన మాట. వినాలనుకునేవాళ్లు లేక తొంభై ఏళ్లు కాగితాల్లో పడి ఉంది.

2004లో మార్గరెట్ తండ్రి డీఎన్ఏ పరీక్షకు ఒప్పుకున్నాడు. ఆయన నమూనాని, అలోంజో కొడుకు నమూనాతో పోల్చారు. అన్నదమ్ముల బిడ్డలైతే తండ్రివైపు నుంచి దిగే ఆనవాళ్లు కలవాలి. కలవలేదు. ఓపెలూసస్ ఊరేగించుకున్న పిల్లవాడు డన్బార్ల రక్తం కాదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పరీక్ష చెప్పింది ‘కాదు’ అని మాత్రమే. మరెవరో చెప్పలేదు. బ్రూస్ అయి ఉంటాడన్నది తక్కిన సాక్ష్యాలన్నీ కలిపి మనం వేసుకుంటున్న లెక్క. గట్టి లెక్కే, నేనూ నమ్ముతాను. అయినా ఆ రెంటినీ ఒకే వాక్యంలో రాయకూడదు. బంధువుల్లో కొందరు మార్గరెట్ మీద కోపగించుకున్నారు. ఇంటిపేరే ప్రశ్నగా మారితే ఎవరికి మాత్రం కోపం రాదు? ఆమె కథ 2008లో అక్కడి రేడియోలో వచ్చింది, 2012లో ఇంకో రచయితతో కలిసి పుస్తకంగా తెచ్చింది. పుస్తకం పేరులో సొలొమోను ఉన్నాడు.

నన్ను వెంటాడేది ఇవేవీ కాదు. 1913 ఏప్రిల్ తర్వాత స్వేజ్ చెరువు దగ్గర పోయిన పిల్లవాణ్ణి ఎవరూ వెతకలేదు. ఎందుకు వెతుకుతారు? దొరికాడు కదా. ఒక తప్పు జవాబు ఒకే దెబ్బకి ఇద్దరు పిల్లల్ని పోగొట్టింది. ఒకణ్ణి తల్లికి లేకుండా చేసింది, ఇంకొకణ్ణి వెతికేవాళ్లు లేకుండా చేసింది. వాడు చెరువులోనే పోయి ఉంటాడని మార్గరెట్ అనుకుంటుంది. ఆ చెరువుకి ఇంకో ఎనిమిది నెలలు మనుషులు వెళ్లి ఉంటే ఏం తేలేదో.

ఇక నా సంగతి. 1979 గోదావరి పుష్కరాల్లో కోటిలింగాల రేవు దగ్గర తప్పిపోయిన అయిదేళ్ల పిల్లవాడి ప్రకటన ఒకటి నా నోటుబుక్కులో ఉంది. మరుసటి ఏడాది పత్రికలో వేరే జిల్లా స్టేషన్లో వదిలేసిన పిల్లవాడి వార్త కనబడింది. ఎడమ కనుబొమ్మ మీద గాటు. నా నోటుబుక్కులో చూశాను. ఎడమ కనుబొమ్మ మీద గాటు. నాలుగు నెలలు నాకు నిద్ర లేదు. ఆ పిల్లవాణ్ణి పెంచుకున్న ఇంటిని పట్టుకున్నాను. అతనికిప్పుడు యాభై దాటింది, లారీల మెకానిక్కు. ఫోనులో ఏమీ తేల్చి చెప్పలేదు, గాటు ఎటువైపుందండీ అని మాత్రం అడిగాను. అదే నేను చేసిన పాపం. ఆ తర్వాత ప్రతి ఆదివారం అతనే ఫోను చేసేవాడు. “సార్, మా అమ్మ ఉందంటారా?”

ఫొటో తీసుకుందామని బైండు మళ్లీ తీయించాను. ప్రకటనలో ఉన్నది ‘కుడి’. నోటుబుక్కులో నేను మొదట అసలు వైపు రాయలేదు. రెండో వార్త చదివొచ్చాక, జ్ఞాపకం మీద, ఆ ఖాళీలో ‘ఎడమ’ అని పూరించాను. సిరా రంగు వేరేగా ఉంది. ఎవరూ నన్ను మోసం చేయలేదు. లెసీ స్నానాలగదిలో చేసిన పనే నేను గ్రంథాలయంలో చేశాను. ఆమెకి పోయిన బిడ్డ ఉన్నాడు, నాకు ఆ సాకు కూడా లేదు. పొరపాటు పడ్డానని చెప్పినప్పుడు అతను కాసేపు మాట్లాడలేదు. “పోనీలెండి సార్” అన్నాడు. మళ్లీ ఫోను చేయలేదు.

అప్పటినుంచి నోటుబుక్కులో ప్రతి అంశం పక్కనా మూడు గళ్లు గీస్తున్నాను. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్లకెలా తెలుసు. మూడూ నిండకపోతే ఎవరికీ ఫోను చేయను. పోలీసులకు చెప్పాల్సిందేదైనా ఉంటే రాసి వాళ్లకే ఇస్తాను, ఆ ఇంటి తలుపు నేను తట్టను. 2013లో సుప్రీంకోర్టు ఆదేశమిచ్చాక, పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదుకీ ఎఫ్‌ఐఆర్ కట్టాలి. నాకు తగిలే పాత కేసుల్లో మిగిలింది మాత్రం ఆ నాలుగు లైన్ల ప్రకటనే. ఇప్పుడు తెలంగాణ పోలీసుల దగ్గర ‘దర్పణ్’ ఉంది, ఫొటోల్లో ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన అబ్బాయి అస్సాంలోని బాలల గృహంలో ఉన్నట్టు 2020లో పట్టించింది అదే. అదృష్టవంతులు, వాళ్లకి ఫొటోలున్నాయి. నా పుష్కరాల పిల్లవాడికి ఫొటో లేదు. అచ్చులో ఉన్నది ఎత్తు, నిక్కరు రంగు, ఒక కనుబొమ్మ.

ఎవరింటి తలుపూ తట్టనన్న నియమం ఒక్కసారే తప్పాను, మొన్న సంక్రాంతి ముందు. ఆ ప్రకటనలోని చిరునామాలో ఇప్పటికీ ఆ కుటుంబమే ఉంటోందని తెలిసింది. మెకానిక్కు సంగతి చెప్పలేదు, చెప్పను. పాత పత్రికల్లో ఈ ప్రకటన చూశానమ్మా, వివరాలు సరిగ్గా రాసుకుందామని వచ్చాను అన్నాను.

పెద్దావిడ అరుగు మీద కూర్చోమంది.

“ఏవన్నా తెలిసిందా బాబూ?”

“లేదమ్మా.”

తలూపింది. కుడి కనుబొమ్మేనా అని అడిగితే, కుడే, రోటి అంచు తగిలిందంది. కాసేపాగి, “పేపర్లో ఎత్తు తప్పేశారు బాబూ. మా ఆయన కంగారులో మూడున్నర అడుగులని చెప్పేశారు. అంత లేడు. ఈ గొళ్లేనికి బెత్తెడు కిందుండేది వాడి తల” అంటూ లేచి వీధి తలుపు దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

తలుపు మారలేదు, గొళ్లెమూ అదే. నా దగ్గర టేపు లేదు. నోటుబుక్కు పొడవుతో గడప నుంచి ఆమె చెయ్యి దాకా కొలిచాను. నాలుగు నిండుగా పట్టి, అయిదోది సగానికి రాలేదు. పాత అంకె కొట్టేసి కొత్తది రాశాను. చెప్పినవారు: తల్లి. ఎప్పుడు: ఆ రోజు తేదీ. ఎలా తెలుసు గడిలో ఏం రాయాలో తోచక, తలుపు అని రాశాను.