‘స్మాల్ టాక్’ అంటే పిచ్చాపాటేనా?

ఇంగ్లీషు కథల్లో ‘స్మాల్ టాక్’ ఎదురైతే మన అనువాదకులు చాలామంది ‘పిచ్చాపాటి’ అని రాసేసి ముందుకెళ్ళిపోతారు. నిఘంటువు ప్రకారం తప్పేం లేదు గానీ, కథలో చాలాసార్లు అది అతకదు.

పిచ్చాపాటికి తీరిక కావాలి, అంతకన్నా ముందు చనువు కావాలి. లోకాభిరామాయణమైనా, బాతాఖానీ అయినా, తెలంగాణలో ముచ్చట పెట్టుకోవడమైనా అంతే. ఒకసారి మొదలైతే ఎంతసేపైనా సాగుతుంది. మధ్యలో ఎవరి కాపురం సంగతో కూడా వచ్చిపోతుంది. స్మాల్ టాక్ నడిచేది చనువు లేనివాళ్ళ మధ్య, లిఫ్టు ఆగేదాకా, ఎవరి సొంత సంగతీ తగలకుండా.

1751లో లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ తన కొడుక్కి రాసిన ఉత్తరంలోనే ఈ మాట ఉంది. రాజసభల్లో, రకరకాల మనుషులు కలిసేచోట మసలాలంటే ఇది పట్టుబడాలని ఆయన బోధ. అంటే అప్పటికే ఇదొక నేర్చుకోవాల్సిన విద్య.

జర్మన్ల దగ్గర కబుర్లాడుకోవడానికి ‘ప్లౌడెర్న్’ అనే సొంత క్రియ ఉంది. అయినా ‘స్మాల్‌టాక్’ని అరువు తెచ్చుకుని డూడెన్ నిఘంటువులో చోటిచ్చారు. స్వీడన్‌వాళ్ళు దీన్ని ‘కాల్‌ప్రాట్’ అంటారు, అక్షరాలా చల్లటి మాట. మనకి చల్లని మాటంటే దీవెన. వాళ్ళకది వెచ్చదనం లేని మాట.

అలాగని ఇది పనికిమాలిన మాటేమీ కాదు. 1923లో వచ్చిన వ్యాసంలో మాలినోవ్‌స్కీ, ఇలాంటి పలకరింపుల్లో సమాచారం కన్నా మనుషుల్ని కలిపే పనే ముఖ్యమన్నాడు. మన “ఎక్కడికో బయల్దేరినట్టున్నారు?”, “భోజనాలయ్యాయా?” కూడా అవే కదా! అడిగినవాళ్ళకి జవాబుతో పెద్దగా పనుండదు.

కాబట్టి అనువాదకుడు చూడాల్సింది, మాట్లాడుకుంటున్న ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారన్నది. కొన్నిచోట్ల ‘కుశలప్రశ్నలు’ సరిపోతాయి, కొన్నిచోట్ల ‘మర్యాదకి నాలుగు మాటలు’. ఏదీ కుదరకపోతే ‘స్మాల్ టాక్’ అనే ఉంచేయొచ్చు. అందులో నామోషీ ఏముంది? మన ‘కబురు’ మాత్రం అరబ్బీ ‘ఖబర్’ నుంచి వచ్చింది కాదూ!

కథానాయికకి స్మాల్ టాక్ పడదని మూలంలో ఉందనుకోండి. దాన్ని “ఆమెకి పిచ్చాపాటి గిట్టదు” అని రాస్తే తెలుగులో ఆవిడ ఎవరితోనూ కలవని ముభావి అయిపోతుంది. మూలంలో ఆ మనిషి, తీరిగ్గా కూర్చుని పిచ్చాపాటి మాట్లాడుకునే తోడు కోసమే వెతుక్కుంటూ ఉండొచ్చు.