ఒకే పాఠం – వేరువేరు గొంతులు: ‘సిక్స్‌టీన్ టన్స్’ గీతం, బొగ్గుగని పాటల అధ్యయన పద్ధతి

వ్యాససంగ్రహం:

అమెరికాలోని కెంటకీ బొగ్గుగనుల జీవితం నేపథ్యంగా మెర్ల్ ట్రావిస్ 1946లో రికార్డు చేసిన ‘సిక్స్‌టీన్ టన్స్’ గీతాన్ని ఆ తరవాత ఎందరో గాయకులు తమ గొంతుల్లో వినిపించారు. ఈ రికార్డింగులలో మాటలు దాదాపు మారలేదు. అర్థం మాత్రం మారుతూ వచ్చింది. ఈ మార్పును మమ్మటుడు చెప్పిన వక్తృ, బోద్ధవ్య, కాకు, ప్రస్తావ, దేశ, కాల వైశిష్ట్యాల ఆధారంగా పరిశీలించడం, ఆ పరిశీలన సింగరేణి ప్రాంత గని పాటల సేకరణకు ఏ పద్ధతిని సూచిస్తుందో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బొగ్గుగని పాట, కాకువు, పాఠాంతరం, రికార్డింగు, సింగరేణి, గోదావరిఖని.

1. ఉపోద్ఘాతం:

ఆచార్య బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) నాటి నుంచి తెలుగులో జానపద గేయ పరిశోధన ప్రధానంగా పాఠం మీద ఆధారపడి సాగింది. పాటను సేకరించడం, అక్షరబద్ధం చేయడం, వర్గీకరించడం, పాఠాంతరాలను పోల్చడం ఈ మార్గంలోని మెట్లు. ఇందువల్ల కలిగిన మేలు తక్కువది కాదు. ఉదాహరణకు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ పాటలో సంబోధన ఒక పాఠంలో స్థానిక దొరకు, మరొక పాఠంలో నైజాం సర్కారుకు చెందుతుంది. ఈ భేదాన్ని గుర్తించినప్పుడు పోరాట లక్ష్యం గడీ నుంచి రాజ్యానికి విస్తరించిన క్రమం పాటలోనే కనిపిస్తుంది. పాఠాంతర పరిశీలన సాధించిన ఫలితమిది.

అయితే అదే పాటను గౌతం ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడినప్పుడు మాటలకు అదనంగా చేరినదేమిటి? గొంగడి భుజాన వేసుకొని పాడే ఆ గొంతును విన్నవారికి పాట మరొకటిగా తోస్తుంది. ఆ భేదాన్ని పాఠాంతరమనలేము. దానిని చెప్పడానికి అచ్చుపాఠం చాలదు.

రామగుండం, గోదావరిఖని ప్రాంతపు గని పాటలను అధ్యయనం చేసేవారికి ఈ ప్రశ్న మరింత ముఖ్యం. ఆ పాటలు గని గేటు దగ్గర, సమ్మె శిబిరంలో, సంతాప సభలో, బతుకమ్మ ఆటలో వినిపించేవి. చోటు మారితే గొంతు మారుతుంది. కాబట్టి మాటలు స్థిరంగా ఉండి గొంతులు మాత్రమే మారిన ఒక గని పాటను, తేదీలతో సహా రికార్డులున్న ఒక పాటను ముందుగా పరిశీలించడం అవసరం. ‘సిక్స్‌టీన్ టన్స్’ అటువంటిది.

2. గీత నేపథ్యం, నిర్మాణం:

మెర్ల్ ట్రావిస్ 1917లో కెంటకీ రాష్ట్రంలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీలో జన్మించాడు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. 1946లో క్యాపిటల్ రికార్డు సంస్థ అతనిని జానపద గీతాల ఆల్బమ్ చేయమని కోరింది. అందుకోసం అతడు కొన్ని పాత పాటలతో పాటు కొత్త పాటలను కూడా కూర్చాడు. ‘సిక్స్‌టీన్ టన్స్’, ‘డార్క్ యాజ్ ఎ డంజన్’ అలా పుట్టినవే. 1947లో ‘ఫోక్ సాంగ్స్ ఆఫ్ ది హిల్స్’ ఆల్బమ్‌లో ఇవి వెలువడ్డాయి. అంటే ఈ ‘జానపద గీతం’ ఒక వ్యాపార సంస్థ అడిగితే రాసినది. అయినా దానిలోని ముఖ్యమైన మాటలు ట్రావిస్ సొంతం కావు. రోజులు గడిచేకొద్దీ అప్పు పెరుగుతుందన్న మాట అన్న రాసిన ఉత్తరంలోది. కంపెనీ దుకాణానికి బాకీ ఉన్నందువల్ల చావడానికి కూడా వీలు లేదన్న మాట తండ్రి నోటిది. జార్జ్ డేవిస్ అనే కెంటకీ గాయకుడు ఈ పాటకు మూలం 1930లలో తాను కట్టిన పాటేనని తరవాత చెప్పుకొన్నాడు. కర్తృత్వం విషయంలో జానపద గేయానికి సహజమైన సందిగ్ధత ఈ విధంగా దీనికీ సంక్రమించింది.

పాటలోని అప్పుకు చారిత్రక ఆధారముంది. అమెరికా గని పట్టణాలలో చాలాచోట్ల కంపెనీలు కూలిని నగదుగా కాక, సొంత దుకాణంలో మాత్రమే చెల్లే టోకెన్ల రూపంలో ఇచ్చేవి. ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది, ధర నిర్ణయించేదీ కంపెనీయే. కార్మికుడు ఎంత తవ్వినా లెక్క తేలేది కాదు.

నిర్మాణపరంగా ఈ పాట రెండు విరుద్ధ భావాల కలయిక. చరణాలలో గని కార్మికుడు తన పుట్టుకను, కండబలాన్ని, పిడికిళ్ల దెబ్బను గొప్పగా చెప్పుకొంటాడు; తనకు అడ్డురావద్దని ఎదుటివారిని హెచ్చరిస్తాడు. పల్లవిలో అదే మనిషి, స్వర్గద్వార పాలకుడైన సెయింట్ పీటర్ పిలిచినా రాలేనంటాడు. ఆత్మ దుకాణంలో కుదువ పడి ఉందంటాడు. చరణం వీరం, పల్లవి దైన్యం. ఈ రెండింటిలో దేనికి ప్రాధాన్యం దక్కాలో పాఠం నిర్ణయించదు. గాయకుడు నిర్ణయిస్తాడు.

3. వక్తృ వైశిష్ట్యం – ట్రావిస్ రికార్డింగు:

వాచ్యార్థం ఒకటే అయినా వక్త, వినేవాడు, కాకువు, సందర్భం, దేశకాలాల ప్రత్యేకత వల్ల వేరొక అర్థం స్ఫురిస్తుందని మమ్మటుడు కావ్యప్రకాశ తృతీయోల్లాసంలో చెప్పాడు. కాకువంటే కంఠధ్వనిలోని వికారం. అలంకారికులు ఎక్కువగా శ్లోకాలకు అన్వయించిన ఈ భావన రికార్డు చేసిన పాటకు మరింత సూటిగా వర్తిస్తుంది.

ట్రావిస్ రికార్డింగులో ఒక గొంతు, ఒక గిటారు మాత్రమే వినిపిస్తాయి. బొటనవేలు మంద్రస్వరాన్ని పట్టి ఉంచగా చూపుడువేలు రాగాన్ని పలికించే కెంటకీ వాదన పద్ధతి అతనిది. పాటకు ముందు కొన్ని మాటలు చెబుతాడు. నడక తేలికగా, చలాకీగా సాగుతుంది. విషాదాన్ని విషాదంగా పాడకపోవడం ఇక్కడి విశేషం. గని కార్మికుని కొడుకు ఇంట్లో విన్న చేదు హాస్యాన్ని అదే ధోరణిలో తిరిగి చెబుతున్నాడు. చావడానికీ తీరిక లేదన్న మాట ఈ గొంతులో ఫిర్యాదుగా వినిపించదు. ఇంటిల్లిపాదికీ తెలిసిన ఛలోక్తిగా వినిపిస్తుంది. హాస్యం కింద కరుణ అణగి ఉంటుంది. ఆ కరుణను గుర్తించే శ్రోత గని కుటుంబానికి చెందినవాడు.

4. కాకు వైశిష్ట్యం – టెనెసీ ఎర్నీ ఫోర్డ్ రికార్డింగు:

1955 సెప్టెంబరులో ఫోర్డ్ దీనిని రికార్డు చేశాడు. మొదట ఇది రికార్డు రెండో వైపు పాట. అయినా అమెరికా కంట్రీ పట్టికలో 10 వారాలు, పాప్ పట్టికలో 8 వారాలు ప్రథమస్థానంలో నిలిచింది. గిటారు ప్రాధాన్యం పోయి క్లారినెట్ ముందుకు వచ్చింది. తాళానికి ఆధారం వేళ్ల చిటిక. రిహార్సల్‌లో లయ కోసం ఫోర్డ్ వేసిన చిటికను నిర్మాత లీ జిలెట్ అలాగే ఉంచమన్నాడని ప్రసిద్ధి.

ఈ చిటిక పాట అర్థాన్ని మార్చింది. చిటిక తీరికకు, ధీమాకు గుర్తు. పదహారు టన్నులు ఎత్తి అలసిన చేయి చిటిక వేయదు. ఫోర్డ్ గంభీరమైన మంద్రస్వరంలో చరణాలలోని డాంబికం నమ్మదగినదవుతుంది. వీరం పైకి వస్తుంది. పాట చివర లయను సాగదీసి, చివరిమాటను లోతుగా దించినప్పుడు మాత్రమే దైన్యం ఒక్కసారిగా తెలుస్తుంది. ట్రావిస్ పాటంతటా పరచిన కరుణను ఫోర్డ్ చివరి పంక్తికి పరిమితం చేశాడు. గనిని ఎన్నడూ చూడని నగర శ్రోతకు ఈ పాట చేరడానికి అదే దారి అయింది. వాయిదాలపై వస్తువులు కొనడం అలవాటవుతున్న కాలంలో, నెల తిరిగేసరికి అప్పు మిగిలే ప్రతి జీతగాడూ ఆ చివరి పంక్తిలో తనను చూసుకోగలిగాడు.

ట్రావిస్ తరవాతి వేదికల మీద పాట చివర కంపెనీ దుకాణానికి బదులు ఫోర్డ్ పేరు చేర్చి, తన ఆత్మ అతనికి బాకీ అన్నట్లు పాడేవాడు. నవ్వించడానికి చేసిన ఈ మార్పులో ఒక నిజముంది. పాటకు కీర్తి తెచ్చిన గొంతుకు, పాటను కన్న గొంతు రుణపడిపోయింది.

5. ప్రస్తావ వైశిష్ట్యం – ఇతర రికార్డింగులు:

1960లో బో డిడ్లీ పాడినప్పుడు పాట కంట్రీ సంగీతపు హద్దు దాటింది. నల్లజాతి గాయకుని గొంతులో ఆత్మ మరొకరికి బాకీ పడటమన్న భావం బానిసత్వ చరిత్రను స్ఫురింపజేయకుండా ఉండదు. అలబామాలో ఖైదీలను, వారిలో అత్యధికులైన నల్లజాతివారిని, బొగ్గుగనులకు కౌలుకిచ్చే విధానం 1928 వరకు సాగిన విషయం ఇక్కడ గమనార్హం. మాట ఒకటే, వక్త మారాడు, వ్యంగ్యార్థం మారింది.

జానీ క్యాష్ 1987లో దీనిని పాడాడు. 1968లో ఫోల్సమ్ జైలులో ఖైదీల ఎదుట ట్రావిస్ రచించిన మరో గని పాటను పాడిన గాయకుడతడు. క్యాష్ గొంతులో వీరం తగ్గి, ఓర్పు మిగులుతుంది. 1990లో ‘జో వర్సెస్ ది వోల్కేనో’ చిత్రారంభంలో ఎరిక్ బర్డన్ గొంతు వినిపిస్తుండగా కార్మికులు బురదలో నడుస్తూ ఫ్యాక్టరీలోకి వెళతారు. అక్కడ గని లేదు. పాట జీతపు బతుకంతటికీ సంకేతమైంది.

ఈ క్రమంలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది 2005 నాటి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రకటన. అందులో అందమైన మోడళ్లు గనిలో బొగ్గు తవ్వుతుంటారు. నేపథ్యంలో ‘సిక్స్‌టీన్ టన్స్’ వినిపిస్తుంది. ప్రచారం స్వచ్ఛమైన బొగ్గు సాంకేతికతకు. కంపెనీని నిలదీసిన పాట కంపెనీకి ప్రకటనగా మారింది. మాటలను మార్చకుండానే ఇది సాధ్యమైంది. పాఠమే పాటకు రక్ష అనుకునే దృక్పథానికి ఇంతకన్నా బలమైన ఖండన అవసరం లేదు.

6. దేశ, బోద్ధవ్య వైశిష్ట్యం – గోదావరిఖని నుంచి వింటే:

వినే చోటు మారితే కలిగే మార్పును గుర్తించడానికి ఈ పాటను సింగరేణి ప్రాంతంలో ఉంచి చూడవచ్చు. ఇక్కడి పాత తరం కార్మికులకు పాటలోని టన్నుల లెక్క పరాయిది కాదు. తట్టా, చెమ్మస్‌లతో పనిచేసిన ఫిల్లర్లకు నింపిన టబ్బుల లెక్కన కూలి. శరీరాన్ని బొగ్గు బరువుతో కొలవడం వారికి అనుభవం. ‘బండెనక బండి కట్టి’ పాటలోని పదహారు దొరతనపు బండ్ల లెక్క; ట్రావిస్ పాటలోని పదహారు చాకిరీ లెక్క. యాదృచ్ఛికమైన ఈ సామ్యం తెలుగు శ్రోతకు మాత్రమే స్ఫురించే అర్థం.

అయితే పోలిక అక్కడే ఆగాలి. కెంటకీ కంపెనీ ప్రైవేటు యజమాని. సింగరేణి కాలరీస్ కంపెనీగా 1920లో ఏర్పడిన సంస్థలో నేడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నాయి. కార్మికులకు లాభాల్లో వాటా ఉంది. ఇక్కడి అప్పు ఎక్కువగా కంపెనీకి కాదు, గిరిగిరి వడ్డీ వ్యాపారికి. గోదావరిఖనిలో ‘కంపెనీ’ అన్న మాటలో క్వార్టరు, దవాఖాన, కొడుకు ఉద్యోగం కూడా ఇమిడి ఉన్నాయి. కాబట్టి ‘కంపెనీ దుకాణం’ అని తెలిగించినంత మాత్రాన పాట తెలుగు కాదు.

చావును గురించిన పంక్తి దగ్గర ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. ట్రావిస్ పాటలోని మనిషి అప్పు వల్ల చావలేడు. సింగరేణిలో కార్మికుడు మరణించినా, వైద్యపరంగా అనర్హుడైనా వారసునికి ఉద్యోగం లభించడం దశాబ్దాలుగా కుటుంబాల ఆశ, కార్మికోద్యమాల డిమాండు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేయగా, ఆ ఆశ కారుణ్య నియామకాల రూపంలో కొనసాగింది. అక్కడ దేహం అప్పు తీర్చడానికి మిగలాలి. ఇక్కడ దేహం పాడైతే కొడుకు బతుకు నిలబడుతుంది. అదే పంక్తిని అన్‌ఫిట్ కోసం ఎదురుచూసే తండ్రి ఉన్న ఇంట్లో వింటే, హాస్యం, వీరం, దైన్యం మూడూ చాలవు. ఆ అర్థం పాఠంలో లేదు, శ్రోతలో ఉంది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. గని పాటలో వీరదైన్యాల పాళ్లను నిర్ణయించేది గాత్రం. పాట ఎవరి పక్షమో నిర్ణయించేది ప్రస్తావం. పాట లోతును నిర్ణయించేది వినేవారి జీవితం. ఈ మూడింటినీ అచ్చుపాఠం భద్రపరచదు.

సింగరేణిలో 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య నేడు అందులో సగానికన్నా తక్కువ. భూగర్భ గనుల స్థానాన్ని ఓపెన్‌కాస్టులు ఆక్రమించాయి. తట్టా చెమ్మస్ తరం గొంతులు తగ్గిపోతున్నాయి. ఇప్పుడు సేకరించే పరిశోధకుడు మాటలు రాసుకొని వస్తే, ట్రావిస్‌కూ ప్రకటనకూ తేడా తెలియని పాఠమే భావి పరిశోధకునికి మిగులుతుంది. అందువల్ల ప్రతి పాటకూ ధ్వనిముద్రణతో పాటు పాడినవారి పని, పాడిన సందర్భం, ఎదుట ఉన్న శ్రోతలు, వాద్యం, లయ, స్థలం, తేదీ నమోదు కావాలి. ఒకే పాటను కనీసం ఇద్దరి గొంతుల్లో, వీలైతే గని కార్మికుని గొంతులోనూ ఆ ఇంటి స్త్రీ గొంతులోనూ సేకరించాలి. పాఠాంతర పట్టిక పక్కన కాకుభేదాల పట్టిక ఉండాలి. మన అలంకారికులు శతాబ్దాల క్రితమే పేరు పెట్టిన కాకువును జానపద గేయ పరిశోధన తన పరికరంగా స్వీకరిస్తే, సింగరేణి పాటకు అర్థంతో పాటు గొంతు కూడా దక్కుతుంది.