సమ్మతి లేని సౌకర్యము

కాన్పయిన స్త్రీకి పథ్యమేమో, స్నానమెన్నడో మన యిండ్లలో పదిమంది చెప్పుదురు. మరల గర్భమెప్పుడు కావలెనని యామెనే అడుగువారు మాత్రము అరుదు. ఈ లోపమును ప్రభుత్వమును పూర్తిగా దిద్దలేదు.

2005వ సంవత్సరమున జననీ సురక్షా యోజన వచ్చిన పిదప ఆసుపత్రి కాన్పులు విశేషముగా హెచ్చినవి. తల్లి యక్కడ నున్నప్పుడే, కాన్పయిన 48 గంటలలోపల కాపర్-టీ అమర్చు పద్ధతిని ప్రభుత్వము వ్యాపింపజేసినది. 2017లో ‘అంతర’ సూదిమందును ‘ఛాయ’ మాత్రయు చేరినవి. కాన్పునకును మరుసటి గర్భమునకును 24 మాసములైన నెడముండుట మేలని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది గనుక ఈ యేర్పాటు మెచ్చదగినదే.

అయినను ఆచరణము వేరు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ననుసరించి ఆంధ్రప్రదేశమున 15-49 ఏండ్ల వివాహితలలో నూటికి సుమారు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. భర్త చేయించుకొన్న దంపతులు నూటికి ఒక్కరైనను లేరు. పురుషుల శస్త్రచికిత్సయే సులభమని వైద్యులు చెప్పుచుండగా భారమంతయు స్త్రీపైనే పడుట న్యాయమా? కొంతకాలపు టెడము కోరిన తల్లికి శాశ్వతవిధానమొక్కటే చూపుట, సెలవడిగినవానిని కొలువునుండి తొలగించుటవంటిది.

సంఖ్యకొరకు తొందరపడిన ఫలమును 2014లో చూచితిమి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బిలాస్‌పూర్ సమీపపు శిబిరములో కొన్ని గంటలలోనే 80 మందికి పైగా స్త్రీలకు శస్త్రచికిత్స జరిపిరి. పదిమందికి పైగా మరణించిరి. అట్టి శిబిరములను మూడేండ్లలో మాన్పవలెనని 2016లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చినది.

“చదువురాని స్త్రీకి ఇన్ని పద్ధతులు చెప్పిన తెలియునా?” అని కొంద రాక్షేపింతురు. బడిలో పిల్లవానికి పాఠము తెలియకున్న, చెప్పిన తీరును మార్చుకొనుట ఉపాధ్యాయుని ధర్మము. ఇక్కడను అంతియే. నొప్పులు పడుచున్నవేళ కాగితముపై వేయించిన వ్రేలిముద్ర సమ్మతి గాదు. అయిదవ నెలలో పరీక్షకు వచ్చిననాడే, భర్తను సైతము కూర్చుండబెట్టి, అన్ని పద్ధతుల గుణదోషములు చెప్పవలెను. కాన్పు పిదప మరల అడుగవలెను. అమర్చిన సాధనమును తీయుమని తల్లి కోరిననాడు, కారణ మడుగుచు త్రిప్పక తీయవలెను.

అమర్చిన సాధనముల సంఖ్యతో విధానమును కొలుచుట చాలదు. “వద్దు” అని చెప్పిన తల్లి మాట యెంతవరకు చెల్లినదో చూడవలెను. ఆ మాట మొదట మన యింట చెల్లినగాని ఆసుపత్రిలో చెల్లదు.